మీరడిగారు: ట్రంకుపెట్టెలో దొరికిన ఇంగ్లీషు ప్లేటు

పోయిన సంచికలో ఒంగోలు పాఠకుడొకరు వాళ్ళ నాయన పెట్టెలో దొరికిన హెలెన్ షపీరో అనే ఇంగ్లీషు గాయని గ్రామఫోను ప్లేటు గురించి అడిగినదానికి చోటు లేక రెండు ముక్కల్లో తేల్చేశాం, దానిమీద ఇంకో నాలుగు ఉత్తరాలు వచ్చినాయి, ఒకాయన అయితే "ఇదేం జవాబయ్యా, చిరుతిండి పొట్లం మీద ఇంతకన్నా ఎక్కువ రాసుంటది" అని తిట్టినాడు. సరే, ఈసారి కాలమ్ మొత్తం ఆ ఒక్క సంగతికే. పొలం గట్టు తగాదా, పెన్షన్ కాగితాలు గురించి అడిగినోళ్ళు వచ్చే నెలదాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మా నాయన మద్రాసులో చానా ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఒంగోలు వచ్చేశాడు. ఆయన పోయినాక ట్రంకుపెట్టె తెరిస్తే ఘంటసాల గారి పెద్ద ప్లేట్లు ఓ పది, వాటి మధ్యలో సాసరంత చిన్న ప్లేటొకటి ఉంది. దానిమీద కొలంబియా అనీ హెలెన్ షపీరో అనీ ఇంగ్లీషులో ఉంది. నాయన ఇంగ్లీషు పాట వినంగా నేనెప్పుడూ చూడలా. ఎవరండీ ఈమె? (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

హెలెన్ షపీరో లండన్ పిల్ల సార్. 1946 సెప్టెంబరు 28న పుట్టింది, బెత్నల్ గ్రీన్ అని లండన్ తూర్పు వైపు, కష్టజీవులుండే పేట. రష్యా వైపునుంచి వలసొచ్చిన యూదుల కుటుంబం, అమ్మానాయన ఇద్దరూ బట్టల కుట్టుపనిలో పీసుకింత అని కూలికి చేసేవాళ్ళు, మన చీరాల వైపు వాళ్ళకి ఆ బతుకు చెప్పక్కర్లేదు. ఇంట్లో రికార్డ్ ప్లేయర్ కొనే స్తోమత కూడా లేదు, చివరికి తన మొదటి రికార్డు బయటికొచ్చినప్పుడు వినడానికి పక్కింటోళ్ళ ప్లేయర్ అడిగి తెచ్చుకున్నారంట. ఆ ముక్క చదివిన రోజు నాకు ఇంక ఆమె గురించి వేరే ఏం తెలియకపోయినా పర్లేదనిపించింది, కానీ మీరడిగారు కాబట్టి చెప్తాను.

పదమూడేళ్ళప్పుడు బేకర్ స్ట్రీట్‌లో మారిస్ బర్మన్ అనే ఆయన నడిపే పాటల స్కూల్లో చేరింది. ఆ బర్మన్‌కి ఈఎంఐ అనే రికార్డుల కంపెనీలో కొలంబియా పేరుతో ప్లేట్లు వేసే విభాగం వాళ్ళతో పరిచయాలు ఉండేవి, వాళ్ళలో జాన్ ష్రోడర్ అనే కుర్రాడొచ్చి ఈ పిల్ల గొంతు విని టేపు మీద రికార్డు చేసుకొని పోయి తన పైనున్న నోరీ పారమర్‌కి వినిపించినాడు. అంతే, 1961 మొదట్లో పద్నాలుగేళ్ళ వయసులో మొదటి సింగిల్ (వైపుకొక పాట ఉండే చిన్న ప్లేటు) బయటికొచ్చింది, డోంట్ ట్రీట్ మీ లైక్ ఎ చైల్డ్, అంటే నన్ను చిన్నపిల్లలా చూడొద్దు అని. అది ఇంగ్లండ్‌లో వారం వారం వేసే అమ్మకాల లిస్టులో మూడో స్థానందాకా పోయింది. ఆగస్టులో యూ డోంట్ నో నంబర్ వన్. అక్టోబరులో వాకిన్ బ్యాక్ టు హ్యాపీనెస్, అదీ నంబర్ వన్, ఈ మధ్యలోనే పిల్లకి పదిహేను నిండినాయి. ఈ రెండూ ప్రపంచం మొత్తం మీద చెరి పది లక్షలకి పైన అమ్ముడుపోయినాయి. ఆ ఏడాదీ ఆ తర్వాతేడాదీ ఇంగ్లండ్‌లో నంబర్ వన్ గాయని ఎవరూ అని పెడితే జనం ఓట్లేసింది ఈ పిల్లకే. ఇస్కూలు బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది చూడండి.

మీ నాయన దగ్గరికి అదెట్టా వచ్చిందో మీరే కనుక్కోవాలి, నేను చెప్పగలిగేది ఒకటే. కొలంబియా, హెచ్‌ఎంవీ రెండూ ఆ రోజుల్లో ఈఎంఐ వాళ్ళవే, మన తెలుగు సినిమా పాటలు కూడా ఆ కొలంబియా పేరు మీదే వచ్చేవి. లండన్ పాటల్ని కూడా కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చుగుద్ది ఇక్కడ అమ్మేవాళ్ళు. లేబుల్ అంచున చిన్న అక్షరాల్లో మేడ్ ఇన్ ఇండియా అని ఉందేమో చూసి రాయండి. ఘంటసాల గారి పక్కన ఆమె కూర్చోవడం వింతేం కాదు, ఇద్దరిదీ ఒకే కంపెనీ కాంపౌండు.

ప్రశ్న: నంబర్ వన్, నంబర్ టూ అంటారే, ఎవరు లెక్కేస్తారు వీటిని? మన దగ్గర సినిమా వంద రోజులు అంటే పోస్టర్ చూసి నమ్మినట్టేనా ఇదీనూ? (కావలి నుంచి రిటైర్డ్ లెక్కల మాస్టారు)

మాస్టారూ, మీ అనుమానంలో కొంత నిజం లేకపోలేదు. 1952 నవంబరు 14న న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అనే పత్రిక మొదటి లిస్టు వేసింది, దానికి చేసిన పనల్లా ఏందంటే ఆ పత్రికలో పనిచేసే పెర్సీ డికిన్స్ అనే ఆయన ఓ ఇరవై రికార్డు షాపులకి ఫోన్లు చేసి ఈ వారం ఏది బాగా పోయిందయ్యా అని అడిగి రాసుకోవడమే. గూడూరు మార్కెట్‌కి ఫోన్ చేసి నిమ్మకాయ బస్తా ఎంత పలికిందో కనుక్కుంటాం చూడండి, అట్టాగే. తర్వాత ఇంకో రెండు మూడు పత్రికలు ఎవరి లిస్టు వాళ్ళు మొదలుపెట్టినారు, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండేది కాదు, బీటిల్స్ అనే నలుగురు కుర్రాళ్ళ జట్టు పాడిన ప్లీజ్ ప్లీజ్ మీ 1963లో ఒక లిస్టులో ఒకటి, ఇంకో లిస్టులో రెండు. ఇప్పటికీ దానిమీద కొట్టుకుంటానే ఉంటారు. నేనిక్కడ ఇస్తున్న స్థానాలు రికార్డ్ రిటైలర్ అనే వ్యాపార పత్రిక లెక్క, యాభై పాటల లిస్టు, తర్వాతోళ్ళు దాన్నే అసలు లెక్కగా తీసుకున్నారు. మనవాళ్ళ వంద రోజుల పోస్టర్ కంటే మాత్రం కాస్త నయం, షాపులో డబ్బులిచ్చి కొన్నదాన్నే కదా లెక్కేసింది.

ప్రశ్న: మా పాపకి పదమూడు. బాగా పాడుద్ది, కానీ గొంతు బరువు. ఒక పాటల పోటీకి తీసుకుపోతే అక్కడ కూర్చున్నాయన "ఆడపిల్ల గొంతులా లేదమ్మా, మగపిల్లాడి పాటలు పాడించండి" అని నవ్వినాడు, స్టేజీ మీదే. అప్పట్నుంచి పాడమంటే పాడటంలా. పోయిన సంచికలో మీరు ఇంగ్లీషు పిల్లది లావు గొంతు అని ఒక మాట రాశారు, దాని గురించి చెప్పండి. (కందుకూరు నుంచి ఒక తల్లి)

అమ్మా, ముందు ఆ నవ్వినాయన్ని పక్కన పెట్టండి. హెలెన్‌ని ఇస్కూల్లో తోటి పిల్లలు ఏమని పిలిచేవాళ్ళో తెలుసా, ఫాగ్‌హార్న్ అని. అంటే మంచు కమ్మినప్పుడు సముద్రంలో ఓడలకి దారి తెలియడానికి బోయ్ అని లావుగా మోగిస్తారే ఆ హారన్. పది పన్నెండేళ్ళ పిల్లకి అదీ పేరు. ఆ బోయ్‌మనే గొంతునే ఇంకో రెండు మూడేళ్ళకి దేశం మొత్తం డబ్బులిచ్చి కొనుక్కుంది. ఆ రికార్డులు ఇప్పుడు విన్నా పాడేది పద్నాలుగేళ్ళ పిల్లని ఎవరూ అనరు, ముప్పై ఏళ్ళావిడ ఏదో చూసొచ్చి చెప్తున్నట్టు ఉంటది.

అంత దూరం ఎందుకు, మీ వైపు సంగతే చూడండి. భానుమతి గారు పుట్టింది ఒంగోలు దగ్గర దొడ్డవరం. 1939లో వరవిక్రయం సినిమాలో తన పాట తనే పాడుకుంది, అప్పటికి పదిహేనేళ్ళు కూడా దాటలా. ఆ గొంతులో సన్నదనం యాడుంది? నిండుగా, కాస్త పొగరుగా ఉండేది, అందుకే ఆమెని ఇంకొకరు అనుకునే పనే లేదు. తర్వాత తర్వాత మన సినిమాల్లో ఆడగొంతంటే పైస్థాయిలో తీగలా సాగాలని ఒక అలవాటు పడిపోయింది, సుశీలమ్మ జానకమ్మ అంత గొప్పగా పాడేసరికి అదే కొలత అయి కూర్చుంది. తప్పు వాళ్ళది కాదు, కొలిచేవాళ్ళది.

ఇంక పని సంగతి. పాపకి నేర్పే టీచరు ఏ శ్రుతిలో పాడిస్తున్నారో ఒకసారి అడగండి. ఆడపిల్ల కదా అని చానామంది ఐదో శ్రుతి పెట్టేసి కూర్చుంటారు, బరువు గొంతు పిల్ల పై షడ్జమం అందుకోలేక గీపెడుతుంది, అది విని గొంతు బాలేదంటారు. మూడు, మూడున్నరకి దించి చూడమనండి, అప్పుడు కింద స్వరాలు కూడా వినపడతాయి. కచేరీల్లో డి.కె. పట్టమ్మాళ్ గారి గొంతు అట్టా నిండుగా ఉండేదే. ఆ వయసులో ఆడపిల్లలకి కూడా గొంతు కొంచెం మారుతుంది, మగపిల్లలంత బయటికి తెలియదు గానీ బొంగురు రావడం, ఊపిరి జారిపోవడం ఉంటాయి, అప్పుడు అరిపించి పాడించొద్దు. నెలల తరబడి బొంగురు తగ్గకపోతే మాత్రం గొంతు డాక్టరుకి చూపించండి. పాపకి ఆ యూ డోంట్ నో పాట ఫోన్‌లో పెట్టి వినిపించండి, ఏం చెప్పకుండా. విన్నాక వయసెంత ఉంటదో చెప్పమనండి.

ప్రశ్న: అంత తోపు అయితే రెండేళ్ళకే ఎట్టా ఫేడౌట్ అయింది బ్రో? బీటిల్స్ వచ్చి తొక్కేశారంటగా? (గూడూరు నుంచి డిగ్రీ కుర్రాడు)

తమ్ముడూ, అందరూ చెప్పేది అదే, వినడానికి బావుంటది కూడా, కానీ తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే అంత సుళువుగా కుదరదు. మొదటి నాలుగు సింగిల్సూ మొదటి మూడు స్థానాల్లోనే, నాలుగోది టెల్ మీ వాట్ హి సెడ్ 1962లో రెండో స్థానం. ఆ వెంటనే వచ్చింది ఇరవై మూడు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ లిటిల్ మిస్ లోన్లీతో ఎనిమిదికి ఎక్కింది, అదే ఆఖరి టాప్ టెన్. ఆ ఏడాది చివర్లో ఇంకోటి నలభై. అప్పటికి బీటిల్స్ ఎవరు? 1962 అక్టోబరులోనే కదా వాళ్ళ మొదటి సింగిల్ వచ్చింది. కాబట్టి జారుడు ముందే మొదలైంది.

1963 ఫిబ్రవరి 2న బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక టూర్ మొదలైంది. పోస్టర్ మీద పెద్దక్షరాల్లో హెలెన్ షపీరో, కింద చిన్నక్షరాల్లో ఉన్న జట్టుల్లో ఒకటి బీటిల్స్. పదహారేళ్ళ పిల్ల హెడ్‌లైన్, ఆ నలుగురూ ఆమె రాకముందు జనాన్ని కాస్త వేడెక్కించేవాళ్ళు. అందరూ ఒకే బస్సులో తిరిగేవాళ్ళు, ఫ్రమ్ మీ టు యూ అనే పాట బీటిల్స్‌లోని జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ రాసుకుంది ఆ బస్సులోనే. మధ్యలో ఫిబ్రవరి 11న ఒక్కరోజు ఖాళీ దొరికితే లండన్ పోయి వాళ్ళ మొదటి ఎల్పీకి (చానా పాటలు పట్టే పెద్ద ప్లేటు) పది పాటలు ఒక్క రోజులో రికార్డు చేసుకొని మళ్ళీ టూర్‌కి వచ్చేశారు. మన కళ్ళముందే పక్కసీట్లోవాడు జెయింటు అయిపోతున్నాడు అన్నమాట.

ఇంక అసలు కడుపు మండే సంగతి. ఆ ఇద్దరూ టూర్‌కి ముందే హెలెన్ కోసమని మిజరీ అనే పాట రాసి పంపించినారు. ఆమె దాకా రాలేదది. ఆమె తరఫున కంపెనీ పెద్దలే వద్దనేసినారు, పిల్లని ఒక్క మాట అడగలా. ఆ పాటని అదే టూర్‌లో ఉన్న కెన్నీ లించ్ తీసుకొని పాడేశాడు, లెనన్ మెకార్ట్నీ పాటని బయటివాళ్ళు రికార్డు చేసింది అదే మొదలు. పోనీ ఇది ఒక్కటైతే పొరపాటు అనుకుందాం. అదే ఏడాది మొదట్లో ఆమెని అమెరికాలో నాష్‌విల్ తీసుకుపోయి ఒక ఆల్బమ్ చేయించారు, దాంట్లో ఇట్స్ మై పార్టీ అనే పాట ఉంది. బాగా వచ్చింది. వస్తే వెంటనే సింగిల్‌గా వదలాలా వద్దా? వదల్లా. ఈలోగా అమెరికాలో లెస్లీ గోర్ అనే ఇంకో పదహారేళ్ళ పిల్ల అదే పాట పాడి జూన్‌కల్లా అక్కడ నంబర్ వన్ కొట్టేసింది. హెలెన్ ఆల్బమ్ అక్టోబరులో తీరిగ్గా వచ్చింది. పంట చేతికొచ్చాక కళ్ళంలోనే వదిలేసి వానకి తడిపినట్టు.

అయినా నా లెక్కలో అసలు కారణం ఇవి కూడా కాదు. మీరు ఒప్పుకోకపోయినా చెప్తాను. ఆ పిల్లని అమ్మింది సగం గొంతు పేరుతో, సగం వయసు పేరుతో. మొదటి పాట పేరే చూడు, నన్ను చిన్నపిల్లలా చూడొద్దు అని. పద్నాలుగేళ్ళ పిల్ల అంత పెద్ద గొంతేసుకొని పాడతా ఉంటే అబ్బా అని కొన్నారు జనం. మరి ఆమెకి పదిహేడొస్తే? పెద్దమనిషి గొంతుతో పాడే పెద్దపిల్ల, అందులో వింతేముంది? గొంతు చెడలేదు, ఇంకా బాగైంది, వింతే పోయింది. కంపెనీ ఏం చేసిందంటే ఆమె ఎదిగినా గౌను ఎదగనియ్యలా, అవే బాపతు పాటలు, అదే జుట్టు. ఆమెకి అమెరికా వాళ్ళ జాజ్, బ్లూస్ అనే సంగీతాలు ఇష్టం, ష్రోడర్‌కి మొదట పాడి వినిపించింది కూడా బర్త్ ఆఫ్ ద బ్లూస్ అనే పాటే. దాని ఊసే లేదు తర్వాత. 1963లో మిగతా సింగిల్స్ ముప్పైల్లో, నలభైల్లో, 1964 జనవరిలో ఫీవర్ ముప్పై ఎనిమిది, దాంతో లిస్టుల్లో ఆమె పేరు అయిపోయింది. పదిహేడేళ్ళకి.

మన బాలు గారితో పోల్చి చూడు. ఆయనా 1946లోనే పుట్టారు, జూన్‌లో, అంటే హెలెన్ కంటే దాదాపు నాలుగు నెలలు పెద్ద, అంతే. ఆయన మొదటి పాట రికార్డింగ్ 1966 డిసెంబరులో, సంగీత దర్శకుడు కోదండపాణి గారి దగ్గర. అంటే ఈమె హిట్లన్నీ అయిపోయి దాదాపు మూడేళ్ళయినాక ఈయన మొదలుపెట్టినాడు, డెబ్బై నాలుగేళ్ళ వయసులో పోయేదాకా పాడతానే ఉన్నాడు. ప్రతిభ తేడా అని నేననను. మన దగ్గర గాయకుడు తెర వెనకాల ఉంటాడు, పాటని అమ్మేది సినిమా, తెరమీద హీరో మారతా ఉంటాడు, గొంతుకి వయసు అడిగేవాడు లేడు. అక్కడ సింగిల్ అంటే గాయనే సరుకు. ఆమె మొహం, ఆమె వయసు, ఆమె గౌను, అన్నీ కవర్ మీదే.

ప్రశ్న: సరే గానీ తర్వాత ఏమైపోయింది పాపం? (నెల్లూరు సంతపేట నుంచి ఒక గృహిణి)

ఆ "పాపం" తీసెయ్యండమ్మా, ఆమె వింటే నొచ్చుకుంటది. లిస్టులో పేరు లేకపోతే మనిషి లేనట్టు అనుకుంటాం మనం. ఆమె నాటకాల్లోకి పోయింది, లండన్‌లో ఆలివర్ అనే సంగీత నాటకంలో నాన్సీ వేషం కట్టింది. 1984 నుంచి 2001 దాకా హంఫ్రీ లిటిల్టన్ అనే పేరుమోసిన జాజ్ బాకా వాద్యకారుడి బృందంతో ఊరూరా పాడింది, అంటే చిన్నప్పుడు పాడనియ్యని పాటలు అప్పుడు పాడుకుంది, ఏకంగా పదిహేడేళ్ళు. ఆ నంబర్ల లిస్టుల్లో ఉన్నది నిండా మూడేళ్ళు లేదు కదా, లెక్కేసుకోండి. మధ్యలో మతం మార్గంలోకి పోయి భక్తిగీతాల రికార్డులు కూడా చేసింది. 1993లో తన కథ తనే పుస్తకంగా రాసుకుంది, 2002 చివర్లో ఇక చాలని ఆపేసింది.

చిన్న పిట్టకథ. హెలెన్ ఇస్కూల్ రోజుల్లో ఓ పిల్లల జట్టులో పాడేది, అందులో మార్క్ ఫెల్డ్ అని ఇంకో పిల్లోడు ఉండేవాడు. వాడే తర్వాత మార్క్ బోలన్ పేరుతో పాటలు పాడి 1970ల్లో ఇంగ్లండ్‌ని ఊపేశాడు. మన వీధిబడిలో కూడా వెనక బెంచీలో ఎవరు కూర్చున్నారో చెప్పలేం.

ప్రశ్న: మళ్ళీ నేనే. ఆ ప్లేటు అమ్మితే ఎంతొస్తుంది? మా తాతల నాటి చేత్తో కీ ఇచ్చే గ్రామఫోను ఉంది, దానిమీద పెట్టి వినొచ్చా? (ఒంగోలు నుంచి మొదటి పాఠకుడు)

వద్దు సార్, దయచేసి పెట్టొద్దు! ఆ కీ మిషన్ నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరుగుద్ది, దాని ముల్లు ఇనుపది, తల బరువు. ఘంటసాల గారి లక్క ప్లేట్లకి అది సరే. మీ చిన్న ప్లేటు ప్లాస్టిక్ జాతిది, నలభై ఐదు చుట్లది, ఆ ముల్లు దానిమీద ఒక్కసారి దించితే పొలం దున్నినట్టు గాడి లేచిపోతుంది, పైగా హెలెన్ లావు గొంతు కాస్తా చీమ పాడినట్టు వినపడుద్ది. మూడు స్పీడ్ల కరెంటు ప్లేయర్ కావాలి. ముందు దుమ్ము దులపండి, మెత్తటి గుడ్డ కాస్త తడిపి గాడుల వెంబడి తుడవండి, అడ్డంగా రుద్దొద్దు, మధ్య కాగితం తడవనీకండి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి.

రేటు సంగతంటారా, లక్షల్లో అమ్ముడైన రికార్డులు ఇవి, అరుదు కాదు, కాబట్టి దాంతో ఇంటి మీద స్లాబ్ వేద్దామని మాత్రం పెట్టుకోకండి. అసలు మీరు ఏ పాటో రాయలేదే! వాకిన్ బ్యాక్ టు హ్యాపీనెస్ అయితే రెండో వైపు కిస్ ఎన్ రన్ ఉండాలి, తిప్పి చూడండి. ఏదైనా సరే ఒకసారి విన్నాక అమ్మండి. మా ఆఫీసులో పాత ఫిలిప్స్ ప్లేయర్ ఒకటి ఉంది, బెల్టు మార్పించినాం, ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి, ఘంటసాల గారివి కూడా రెండు తీసుకురండి.